మార్కండేయుని వాడలో మరణశాసనము

జంధ్యాల పున్నమ నాడు సోలాపురపు తూర్పువాడలలో మార్కండేయ మహామునికి రథోత్సవము జరుగును. కరీంనగరము, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల పల్లెలను విడిచి, నిజాము రాజ్యపు సరిహద్దు దాటి, మిల్లుల కూలిని, మగ్గపు బ్రతుకును నమ్ముకొని ఈ మరాఠా పట్టణమునకు తరతరములుగా వచ్చి చేరిన పద్మశాలి కుటుంబములు ఆ దినమున క్రొత్త జంధ్యములు ధరించి, వాకిళ్ళలో ముగ్గులు తీర్చి, తమ మూలపురుషుని రథమునకు ఎదురేగుదురు. పదునారేండ్లకే ఆయువు తీరవలసిన బాలుడు శివలింగమును కౌగిలించుకొని యమపాశమును తప్పించుకొన్న కథ అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బును. ఆ ముని కుమారుడైన భావనఋషియే లోకమునకు తొలి నేతగాడనియు, భద్రావతి ఆయన పత్ని యనియు వారి నమ్మిక. ఆమె పేర ఊరిలో ఒక పేటయే వెలసియున్నది. మృత్యువును జయించినవానిని కులపురుషునిగా గొలుచు జనులకు మృత్యుపత్రము వ్రాయుమని చెప్పుట ఎంత కష్టమో, ఆ పనికి పూనుకొన్నవానికి గాని తెలియదు.

మృత్యుపత్రమనగా తెలుగునాట వీలునామా యనబడునదే. కచేరీ కాగితములన్నియు మరాఠీలో నడచు ఊరగుటచే మావారికి ఆ మాటయే అలవాటైనది. దానిని ఎత్తినంతనే, "పండుగ పూట గదేం మాట బిడ్డా!" అందురు. పండుగ కాని దినమున ఎత్తినను సమాధానము మారదు. వ్రాసిన మరుక్షణమే యముడు వచ్చి సాక్షిసంతకము పెట్టునేమోయని వారి జంకు. ఈ జంకును నేను పరిహసింపజాలను. పొద్దున లేచినది మొదలు సాంచాల (మరమగ్గముల) చప్పుడులోను, దూది దుమ్ములోను, అప్పులోను మసలువారికి రేపటిని గూర్చి మంచియే పలుకవలెనను నియమమొక్కటే చేతిలో మిగిలిన బలము కావచ్చును. ఐనను పలుకకపోవుటవలన జరిగిన నష్టములను కన్నులార చూచినవాడను గనుక, కొంత అశుభము పలుకక నాకు తప్పదు.

విచిత్రమేమన, దాయవిభాగమును గూర్చి భారతదేశమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన గ్రంథము పుట్టిన చోటు, మా పెద్దలు మూటముల్లెలతో వచ్చిన త్రోవకు చేరువనే యున్నది. సోలాపురమునుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున ఉమర్గా దాటిన పిమ్మట ఎడమచేతి వైపునకు చీలిన బాట బసవకల్యాణమునకు పోవును. అదియే చాళుక్యుల కల్యాణి. 1076 మొదలు 1126 వరకు రాజ్యమేలిన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను అక్కడ రచించెను. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనుగు పద్యములలోనికి దించెను. పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోనే హక్కు గలదని మితాక్షర సిద్ధాంతము. పుట్టుకయే హక్కు నిచ్చునప్పుడు, పోవువాని మాటకు ఏమంత పని గలదు? కావుననే మన ప్రాచీనులు దానపత్రములు వ్రాసిరి, శిలలమీద శాసనములు చెక్కించిరి గాని, తాము కన్నుమూసిన పిదప అమలు కావలసిన కాగితమును వ్రాసిపెట్టు అలవాటు వారిలో అంతగా ప్రబలలేదు. హిందువుల మరణశాసనములకు 1870లో ఒక చట్టము, 1925లో నేటికిని నడచుచున్న భారత వారసత్వ చట్టము వచ్చినవి. అనగా మనకిది క్రొత్త విద్య.

యాజ్ఞవల్క్యుని పేరు వచ్చినది గనుక ఒక మాట చెప్పి ముందునకు సాగెదను. బృహదారణ్యకోపనిషత్తులో ఆ ఋషి ఇల్లు విడిచి పోదలచి, మైత్రేయిని పిలిచి, ఆమెకును సవతియైన కాత్యాయనికిని నడుమ పంపకము తేల్చి మరి పోయెదననును. ధనముచేత అమృతత్వము లభించునా యని మైత్రేయి యడిగినది. ఆ ప్రశ్నవెంట బ్రహ్మవిద్య సాగిపోయినది. బ్రహ్మవిద్యవెంట పండితులందరును సాగిపోయిరి. కాత్యాయని ఏమన్నదో ఉపనిషత్తు చెప్పలేదు. ఇల్లెవరి పేరనున్నది, పాడియావులెన్ని, అప్పులేమైన గలవా యని ఆమె యడిగియుండునని నా యూహ. చెప్పవలసివచ్చిన నాకు ఆమెయందే గౌరవ మొక పాలెక్కువ. మా వాడలోని స్త్రీలందరును కాత్యాయనులే.

ఆస్తి యనగానే మావారు నవ్వి, "మాకేడిదయ్యా ఆస్తి? గది షావుకార్లకు" అందురు. ఇంటి పెద్ద గతించిన పిమ్మట తెరువబడు రేకుపెట్టెలో ఏముండునో చూచినవాడెవ్వడును ఆ మాటను నమ్మడు. రేషను కార్డు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, ప్రావిడెంటు ఫండు చీటీలు, రెండు మూడు బ్యాంకుల పాసుబుక్కులు, బీమా పత్రము, సహకార సంఘములో వాటాకు ఇచ్చిన కాగితము, ఇంటి హక్కు తెలుపు ఉతారా, కుదువబెట్టిన గొలుసు తాలూకు రసీదు, మనుమని పాతనోటుపుస్తకమున వ్రాసిన భిశీ (చీటీల) లెక్కలు, తెలంగాణములోని యేదో పల్లెలో తాతల నాటి అరయెకరమునకు సంబంధించి ఉర్దూలో నున్నందున ఎవరికిని చదువరాని ఒక పత్రము. ఒక్కొక్కటి చిన్నదే. కాని భాగ్యవంతుని సొత్తుకంటె ఈ చిన్న సొత్తునకే పెద్ద చిక్కు గలదు. పది యిండ్లును ముగ్గురు బిడ్డలును ఉన్నచోట, మాట చెప్పకపోయినను లెక్క యెట్లో సర్దుకొనును. ఒక్క గదియు ముగ్గురు బిడ్డలును ఉన్నచోట గది మూడు గదులు కాజాలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, మృత్యుపత్రము లేని పురుషుని సొత్తును కొడుకునకు, కూతురునకు, భార్యకు, తల్లికి సమభాగములుగా పంచుమన్నది, న్యాయమైన లెక్కయే. కాని నాలుగు సాంచాల కార్ఖానాను నడిపి అప్పు తీర్చుచున్నది వారిలో ఒక్కడే యైనచో, మిగిలినవారి భాగము నీయవలెనన్న సాంచాలను తూకమునకు అమ్మవలసినదే గదా! అంకెల సమత్వము బ్రతుకుతెరువును కాపాడదు. దానిని కాపాడగల మాట, చెమటోడ్చి సంపాదించినవాని నోటనే రావలెను.

నామినీ పేరు వ్రాసినాము గదా యని కొందరి ధీమా. మా వాడలో ఇంతకంటె బలమైన అపోహ మరియొకటి లేదు. నామినీ సొమ్మును అందుకొని హక్కుదారులకు చేర్చవలసినవాడే గాని, అందుకొన్నంతమాత్రమున యజమాని కాడని 1983లో నాటి చట్టము ప్రకారము బీమా విషయమునను, 2023లో కంపెనీ వాటాల విషయమునను సుప్రీంకోర్టు చెప్పినది. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను వ్రాయవచ్చును, నలుగురును అందుకొనువారే. ప్రావిడెంటు ఫండులో నింకొక మెలిక గలదు. సంసారము లేని దినములలో తమ్ముని పేరో, స్నేహితుని పేరో వ్రాసిన నామినేషను, సంసారమేర్పడినంతనే చెల్లకుండపోవును, మరల వ్రాయవలెను. వ్రాసినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఇక స్త్రీల సంగతి. సోలాపురపు తూర్పువాడలో ఇంటి యజమాని యనగా ఎవరని అడిగినచో, కాగితము చూపు సమాధానము ఇతర నగరములలోని సమాధానమువంటిది కాదు. బీడీలు చుట్టు స్త్రీలను కూడగట్టి, వారి సహకార సంఘముల పేర గృహనిర్మాణము సాధించిన కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడెం పేరు అక్కడ ఎరుగనివారు లేరు, మాస్టరనియే వాడుక. ఊరి వెలుపల కుంభారి దగ్గర ఉద్యమనాయకురాలు గోదూతాయి పరులేకర్ పేర పదివేల యిండ్లు లేచినవి. ఆ చెంతనే రేనగర్‌లో తలపెట్టిన ముప్పదివేలలో పదునైదువేల యిండ్లు 2024 జనవరి 19న ప్రధానమంత్రి చేతులమీదుగా పంచబడినవి. బీడీకి బీడీ చేర్చి, వాయిదాకు వాయిదా కట్టి, తన పేర ఇంటిపత్రము పుచ్చుకొన్న స్త్రీ మావాడలో అపురూపము కాదు. ఆమెకు పిల్లలు గలరేని చిక్కు తక్కువ. కొడుకులకు, కూతుళ్ళకు, భర్తకు సమముగా పోవును. బిడ్డలు లేని విధవరాలైనచో, ఆమె చెమటతో కట్టిన యిల్లు, అదే 1956 చట్టపు పదునైదవ సెక్షను ననుసరించి, ముందుగా భర్తవైపు వారసులకు పోవును. ఆమెను కన్న తల్లికి తరువాతి వంతు. పెండ్లియైన మూడు నెలలకే భర్తను పోగొట్టుకొని, అత్తవారింటినుండి గెంటివేయబడి, పుట్టింట చదువుకొని, ఉద్యోగము చేసి కూడబెట్టుకొన్న ఒక స్త్రీ మృత్యుపత్రము వ్రాయకయే మరణింపగా, ఆ సొత్తు ఆమె తల్లికి గాక భర్త సోదరి కొడుకులకు చెందునని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చినది. జాలికిని చట్టమునకును పొత్తు లేదని న్యాయమూర్తులే చింతించిరి. ఒక్క కాగితపు ముక్క వ్రాసియుండినచో ఆ చింతకు తావే లేదు. కావున మా వాడలో ఈ విద్యను ముందుగా నేర్వవలసినవారు పురుషులు కారని నా గట్టి తలంపు.

మా పెద్దవ్వ యొకతె, వరుసకు తల్లి, ఈ తలంపునకు చాల కాలము లొంగలేదు. "ఏం రాస్తవ్ బిడ్డా? ఇల్లొకటి, ఇన్ని బోళ్ళు. గీ దానికి సాక్షులు గూడనా?" అనెడిది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు అద్దె షెడ్డులో సాంచాలు నడుపును, చిన్నవాడు పుణెలో నౌకరీ. కూతురు భర్తను పోగొట్టుకొని తల్లివద్దనే బీడీలు చుట్టును. ఒకనాటి మధ్యాహ్నము తనంతట తానే కబురంపినది. నేను పోవునప్పటికి ఒడిలో చాట, చాటలో తంబాకు. తడిపి మెత్తబడిన తునికాకుమీద రేకుముక్క నుంచి, దాని కొలతకు కత్తెరతో కోసి, చిటికెడు పోసి, మడిచి, కొన నొక్కి, దారము చుట్టుచునే వాక్యమువెంట వాక్యము చెప్పినది. చేయి ఒక్కమారును ఆగలేదు. ఇల్లు కూతురికి. చెవుల కమ్మలు చిన్నకోడలికి. మెడలోని గొలుసు ఇద్దరు మనుమరాండ్ర పెండ్లికి. మార్కండేయుని గుడిలో అన్నదానమునకు కొంత. ఇంతయే.

చట్టము అడుగునది మిక్కిలి స్వల్పము. తెల్లకాగితము చాలును, స్టాంపు అక్కర లేదు, రిజిస్ట్రీ చేయించుట మంచిదే గాని తప్పనిసరి కాదు. వ్రాయించువారు తెలివిలో నుండవలెను. వారు సంతకమో వ్రేలిముద్రయో పెట్టుచుండగా చూచిన సాక్షు లిద్దరు తామును సంతకము చేయవలెను. సొత్తు అందుకొనువారిని సాక్షులుగా పెట్టకుండుట వివేకము. పొరుగింటి జాబరును (మిల్లు మేస్త్రీ), ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడును వచ్చిరి. పెద్దవ్వ బొటనవ్రేలికి సిరా పూసి కాగితముమీద నొత్తగా ఒక నల్లమచ్చ పడినదే గాని ముద్ర పడలేదు. ఏండ్ల తరబడి ఆకు మడిచిన వ్రేలికి గీతలు అరిగిపోయినవి. ఎడమచేతి వ్రేలితో మరల ప్రయత్నింపగా రెండు మూడు గీతలు కనబడినవి. "రేషన్ మిషన్ గూడ నన్ను గుర్తువట్టది" అని ఆమె నవ్వినది.

అంతటితో ముగిసినదని నేను కలము మూయబోవగా, ఇంకొకటి వ్రాయుమన్నది: "నోట్లె పైపులేసి మిషన్ మీద పండవెట్టొద్దని రాయి. మీ పెదనాయిన లెక్క జేయొద్దు."

పెదనాయిన సంగతి నాకును జ్ఞాపకమే. దుమ్ము పీల్చి పీల్చి సడలిన ఊపిరితిత్తులతో ఆయన తుదిరోజులలో ఒక ఆస్పత్రి అద్దపుతలుపుల వెనుక వెంటిలేటరుమీద నుండెను. తిరిగి లేచునను ఆశ లేదని డాక్టరు బయటకు వచ్చి చెప్పి, మీరేమందురని కొడుకుల నడిగెను. తీయుమన్నవాడు తండ్రిని చంపినవాడగునా యను భయము ఒకవైపు. ఉంచుమన్నచో మరునాటి బిల్లునకు సాంచా అమ్మవలెనను నిజము మరియొకవైపు. ఇద్దరును గోడవైపు చూచిరి. చుట్టములు ధర్మములు చెప్పిరి. సాంచా అమ్ముడుపోయినది, ఆయనయు పోయెను. అప్పటినుండి అన్నదమ్ముల నడుమ మాట పలుచబడినది. ఎవడును ఏ తప్పును చేయలేదు, అయినను ఎవడును ఎవనిని క్షమింపలేదు.

పెద్దవ్వ కోరికను ఆ కాగితముననే వ్రాయుట తేలికయే, కాని నిష్ప్రయోజనము. మృత్యుపత్రము ప్రాణము పోయిన తరువాత మాటాడును. ఆమె చెప్పదలచినది ప్రాణము పోకముందటి మాట. దానికి వేరొక కాగితము కావలెను. ఈ రెండవ కాగితమునకు మన దేశమున చట్టబద్ధత లభించిన కథ దీర్ఘమైనది. ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సుగా నుండిన అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరులో జరిగిన అత్యాచారమువలన చైతన్యము కోల్పోయి, తోటి నర్సుల సంరక్షణలో 2015 మే వరకు మంచముననే యుండెను; ఆమె విషయమై వేసిన పిటిషనుమీద 2011లో సుప్రీంకోర్టు కొన్ని హద్దులకు లోబడి కృత్రిమ ప్రాణాధారమును ఉపసంహరింపవచ్చునన్నది. అంతకుముందే 2004లో, కండరములు క్షీణించు జబ్బుతో హైదరాబాదు ఆస్పత్రిలో నున్న వెంకటేశ్ అను యువకుడు తన అవయవములు చెడకముందే దానము చేసి పోవుదునని కోరగా, అతని తల్లి ఆ కోరికను హైకోర్టువరకు కొనిపోయెను. చట్టము ఒప్పుకొనలేదు, అతడు ఆ డిసెంబరులోనే కన్నుమూసెను. ఒకరికి మాటాడు శక్తి లేదు. మరియొకరు మాటాడినను వినుటకు చట్టము లేదు. తుదకు 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల పీఠము, గౌరవముతో మరణించుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమేయని నిర్ణయించి, స్పృహయున్ననాడే తన చికిత్సను గూర్చి ముందుగా వ్రాసిపెట్టుకొన్న పత్రమునకు ప్రామాణ్యము నిచ్చినది. మొదట దానికి మేజిస్ట్రేటు సంతకము కావలసియుండెను. అంతటి పని మా పెద్దవ్వవంటివారికి సాధ్యమా? 2023 జనవరి 24న ఆ నిబంధనను సడలించి, ఇద్దరు సాక్షులును, నోటరీయొక్కయో గెజిటెడు అధికారియొక్కయో ధ్రువీకరణయు చాలునన్నారు. తనకు మాటాడు శక్తి లేనప్పుడు తన పక్షమున మాటాడవలసినవారి పేర్లను అందు వ్రాయవలెను. ఆ సమయము వచ్చినప్పుడు చికిత్స చేయు డాక్టరుతో కూడిన ఒక వైద్యమండలి, దానిపై మరియొక మండలి, రెండును ఒప్పుకొనవలెను. పత్రపు నకలు నొకదానిని నగరపాలికలో నియమింపబడిన అధికారి భద్రపరుపవలెను. ముంబయి నగరపాలిక తన వైద్యాధికారులకు ఆ పని నప్పగించినది.

రెండు మండలులును, నోటరీయును, నకళ్ళును చూచి, ఇది చదువుకొన్నవారి వ్యవహారమని తోచును. తోచుట సహజమే, సోలాపురపు బీడీ కార్మికురాలికి అత్యవసర వేళ ఇంత యంత్రాంగము సకాలమున కదలునని నేను హామీ ఈయజాలను. ఐనను ఆ కాగితమునకు యంత్రాంగముతో పని లేని యొక విలువ గలదు. డాక్టరు అద్దపుతలుపు తీసికొని వచ్చి అడుగు ప్రశ్నకు, ఎవరి ఊపిరియో వారే ముందుగా సమాధానము చెప్పియుండుట సామాన్యమైన ఉపకారము కాదు. కొడుకులు నిర్ణయింపనక్కర లేదు. తల్లి మాట చెల్లించిన చాలును. ఇల్లును గొలుసును ఇచ్చుటకంటె ఈ నిర్ణయభారమును బిడ్డలనుండి తప్పించుటయే పెద్ద ఆస్తి నిచ్చుటయని నాకనిపించును. నా యభిప్రాయమునకు పెద్దవ్వ ఒప్పుకొనలేదు. ఆమెకు ఇల్లే ముఖ్యము.

ఇంటిని గూర్చియే గొడవ వచ్చినది. ఆమె దాచిపెట్టు మనిషి కాదు. చిన్నవాడు పుణెనుండి వచ్చిన ఆదివారమున అందరిని కూర్చుండబెట్టి నాచేత చదివించినది. పెద్దకొడుకు మొగము నల్లబడినది. సంఘపు పుస్తకములో నామినీగా తన పేరే యున్నదన్నాడు. దాని సంగతి నేను చెప్పితిని. "స్లాబు నేనేపిచ్చిన గదనే అవ్వా, గదెట్ల మర్సినవ్?" అని గొంతు పెంచినాడు. "సగం నా భిశీ పైసలే గదరా! బుక్కుల సూడు" అని ఆమె కేకవేసినది. నోటుపుస్తకము వచ్చినది, పుట తీయబడినది. సగముకంటె కొంచెము తక్కువయే యని తేలినది. కూతురు ఏడ్చుచు తనకేమియు వద్దన్నది. "నువ్వూకో. నేను బతికే ఉన్న గదా, ఇప్పుడే కొట్లాడుండ్రి, నేనింట" అని పెద్దవ్వ బీడీ చాటను ప్రక్కకు జరిపినది. ఆమె పోయిన తరువాతనైనచో ఆ స్లాబు లెక్కకు సాక్ష్యము చెప్పువారెవరు? ఆ పుస్తకము రద్దీవాని తక్కెడలోనికి పోయియుండును, అన్నదమ్ములు కోర్టులోనికి పోయియుందురు.

దీపాలవేళకు తేలిన దేమన, ఇల్లు కూతురిదే. స్లాబునకు పెట్టిన దానికి బదులుగా గొలుసు పెద్దవానికి. మనుమరాండ్ర పెండ్లికి ప్రావిడెంటు ఫండు సొమ్ము. మృత్యుపత్రమును ఎన్ని మారులైనను మార్చి వ్రాయవచ్చును, కట్టకడపటిదే చెల్లును. తరువాతి వారమున క్రొత్త కాగితము వ్రాసితిమి; పొరుగింటి జాబరును, ఉపాధ్యాయుడును మరల వచ్చిరి. పాతదానిని ఏమి చేయవలెనని పెద్దవ్వ అడుగగా, చించుటను కాల్చుటను చట్టము రద్దుపద్ధతులుగా ఒప్పుకొన్నదని చెప్పితిని. ఆమె దానిని నాలుగు ముక్కలుగా చించి, పొయ్యిలోనికి త్రోసి, ఆ మంటమీదనే సాక్షులకు చాయ పెట్టినది.